నీలక్క చోటు

అనగనగా ఒక అడవి. మన వైపు అడవి కాదు. సముద్రాలు దాటితే వచ్చే ఆస్ట్రేలియా అడవి. అక్కడ ఎటు చూసినా జామాయిల్ చెట్లే. గాలి వీస్తే అడవంతా జలుబు మందు వాసన.

ఆ అడవి జంతువులకు ఒక ఆటంటే పిచ్చి. అదీ ఫుట్‌బాలే, కాని మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా ఉండదు. ఈము పక్షి గుడ్డులా కోలగా ఉంటుంది. దాన్ని కాలితో తన్నొచ్చు. చేత్తో పట్టుకోవచ్చు. పట్టుకుని పరుగెత్తనూ వచ్చు. కాని కొంత దూరానికోసారి బంతిని నేలకు కొట్టి, లేచిన బంతిని మళ్ళీ అందుకోవాలి. గుండ్రటి బంతయితే బుద్ధిగా చేతిలోకి వస్తుంది. కోల బంతి ఎటు లేస్తుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

మైదానం చివర నాలుగు గుంజలు పాతి ఉంటాయి. నడిమి రెండు గుంజల మధ్య నుంచి తంతే ఆరు. పక్క గుంజల మధ్య నుంచి పోతే ఒకటి.

జామాయిల్ జట్టులో ఆడేది పద్దెనిమిది మంది. పంతొమ్మిదో వాళ్ళు గట్టు మీద కూర్చుంటారు. ఎవరైనా అలిసిపోతే వాళ్ళ బదులు దిగుతారు.

గుంజల ముందు చోటు నీలక్కది. నీలక్క ఆడ కంగారూ. నీలంలో బూడిద కలిపిన రంగు. పదేళ్ళుగా ఆ చోటులో ఇంకొకరు నిలబడలేదు. పిల్లలు పెద్దవాళ్ళై, పొట్ట మీది సంచి ఖాళీ అయి ఆరేళ్ళయింది. పొద్దున లేస్తే వెళ్ళడానికి తనకి ఆ చోటు ఒక్కటే ఉంది.

జట్టును ఎంచేది బొర్ర తాత. తాత వాంబాట్. అంటే బాగా తిని బలిసిన చిన్న ఎలుగుబంటిలా ఉండి, నేలలో బొరియ తవ్వుకుని బతికే జంతువు. తాతకు పగలు కళ్ళు సరిగా ఆనవు. పైగా నిద్ర. అందుకని ఆట చూడడు, వింటాడు. మైదానం కిందే తాత బొరియ. గోడకు చెవి ఆనించి పడుకుంటాడు. ఎవరు ఎంత దూరం గెంతారు, ఎవరి అడుగు తడబడింది, బంతి నేలకు ఎలా తగిలింది, అన్నీ నేల చెప్పేస్తుంది. శనివారం పొద్దున తల బయటపెట్టి పద్దెనిమిది పేర్లు చదువుతాడు. చదివి లోపలికి పోతాడు. ఎవరైనా కాదందామన్నా, అప్పటికే గురక వినిపిస్తూ ఉంటుంది.

ఆ జట్టులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చోటునైనా ఇంకొకరు అడగొచ్చు. అడిగితే, ఆ చోటులో ఉన్నవాళ్ళే వాళ్ళకి మూడు పొద్దులు ఆట నేర్పాలి. ఆ మూడు పొద్దులూ తాత వింటాడు. తర్వాత తేలుస్తాడు.

ఒక మంగళవారం చిట్టెం వచ్చింది. చిట్టెం వాలబీ పిల్ల. వాలబీ అంటే కంగారూకి పొట్టి చెల్లెలు అనుకోండి. వయసు రెండేళ్ళు. నిలబడమంటే నిలబడదు, ఒళ్ళంతా స్ప్రింగులు.

"తాతా, నాకు గుంజల ముందు చోటు కావాలి," అంది బొరియలోకి తల దూర్చి.

"రేపు పొద్దున రా. నీలా, నువ్వూ రా," అన్నాడు తాత లోపలి నుంచి.

చెట్టు కింద ఈము బావ నిలబడి ఉన్నాడు. బావ ఆటలో తీర్పరి. ఎవరి పక్షమూ కాదు. కబుర్లు మాత్రం అందరివీ కావాలి.

"ఏం మరదలా, మోకాలు పలుకుతోందటగా," అన్నాడు.

"నీ మెడ కంటే తక్కువే పలుకుతోందిలే బావా," అంది నీలక్క. అంది గాని, ఆ రోజు లేత గడ్డి కూడా నోట్లో పీచులా ఉంది.

మొదటి పొద్దు పరుగు. నీలక్క ముందు, చిట్టెం వెనక. రెండో చుట్టుకి చిట్టెం ముందు, నీలక్క వెనక. మూడో చుట్టుకి చిట్టెం చాలా ముందు.

"అక్కా, నీకోసం ఆగనా?" అని అడిగింది చిట్టెం. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది నీలక్కకి.

రెండో పొద్దు బంతి అందుకోవడం. ఆ ఆటలో ముందున్న వాళ్ళ వీపెక్కి గాలిలో బంతి పట్టుకోవచ్చు. తప్పు లేదు. బంతి పైకి లేచింది. చిట్టెం ఒక్క ఎగురు ఎగిరి నీలక్క వీపు మీద కాలు మోపి, ఆకాశంలో బంతి పట్టేసింది.

"నా వీపే దొరికిందా నీకు?" అంది నీలక్క.

"మంచం లాగా ఉంది అక్కా."

కింద నుంచి తాత అరిచాడు. "పైన ఎవరది? రెండు కాళ్ళు మాయమై ఇంతసేపటికి వచ్చాయి. మధ్యలో ఎక్కడికి పోయాయి?"

"నా మీదికి తాతా," అంది నీలక్క. అందరూ నవ్వారు. తనకీ నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది.

మూడో పొద్దు బంతిని నేలకు కొట్టడం. ఇది నీలక్క విద్య. బంతికి ముందుండే కొసని, అంటే దాని మూతిని, కొంచెం కిందికి వంచాలి. ముందుగా నేలకు అదే తగలాలి. అప్పుడే బంతి తిరిగి చేతిలోకి వస్తుంది. నీలక్కకి ఇది నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. చిట్టెం బంతి కొడితే పొదల్లో పడుతోంది.

చిట్టెం ఒగరుస్తూ వచ్చింది. "అక్కా, బంతి నా మాట వినడం లేదు. ఎలా పట్టుకోవాలి?"

నీలక్క బంతి వంక చూసింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. చెప్తే చోటు పోతుంది.

"అడ్డంగా పట్టుకో," అంది. "పాపాయిని పడుకోబెట్టినట్టు. బంతి నడుము నేలకు తగిలేలా కొట్టు."

"అంతేనా?"

"అంతే."

చిట్టెం అలాగే కొట్టింది. బంతి పక్కకి జారి పోయింది. మళ్ళీ కొట్టింది. ఇటు పోయింది. పాతిక సార్లు కొట్టింది. పాతిక సార్లూ తప్పింది.

"ఆ చప్పుడు ఎవరిది?" అన్నాడు తాత.

"చిట్టెంది తాతా," అంది నీలక్క. అది నిజమే. కాని మొత్తం నిజం కాదు.

తెల్లారి తాత తల బయటపెట్టి పదిహేడు పేర్లు చదివాడు. పద్దెనిమిదోది నీలక్క పేరు. గట్టు మీద చిట్టెం. అందరూ నీలక్క వీపు తట్టారు. చిట్టెం కూడా వచ్చి తట్టింది.

"నువ్వే ఉండాలి అక్కా. నాకింకా చేతులు తిరగలేదు," అంది.

ఆ మధ్యాహ్నమే ఆట. అవతలి జట్టు ఇసుకదిబ్బల డింగోలు. డింగోలంటే అక్కడి అడవి కుక్కలు. ఆట రోజు ఎవరూ ఎవరినీ కొరకకూడదని ఒప్పందం ఉంది. అయినా వాటి చూపు చూపే. వాటికి చేతులు లేవు కనుక బంతిని నోటితో పట్టుకుంటాయి. సగం ఆటయ్యేసరికి బంతి నిండా చొంగ.

ఆటలో నాలుగు భాగాలు. రెండు భాగాలు అయ్యేసరికి లెక్క సరిసమానం. మూడో భాగంలో నీలక్క మోకాలు పట్టేసింది. నిలబడటమే కష్టమైంది. గట్టు వైపు చెయ్యి ఊపింది. చిట్టెం రివ్వున దిగింది.

బంతి చిట్టెం చేతికి వచ్చింది. పరుగెత్తింది. అందుకునే వాళ్ళు లేరు. ఆట చూడటానికి వచ్చిన వాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేలకు కొట్టాల్సిన చోటు వచ్చింది. చిట్టెం బంతిని అడ్డంగా, పాపాయిని పడుకోబెట్టినట్టు పట్టుకుని కొట్టింది. బంతి జారి నేరుగా ఒక డింగో నోట్లోకి పోయింది. అటు ఆరు.

మళ్ళీ బంతి వచ్చింది. మళ్ళీ అదే. ఇంకో ఆరు.

మూడోసారి బంతి వస్తే చిట్టెం పట్టుకోలేదు. వదిలేసి పక్కకి తప్పుకుంది.

డింగోల నాయకుడు పళ్ళికిలించాడు. "పిల్లా, నువ్వు మా జట్టులో ఎప్పుడు చేరావు? నాకు చెప్పనే లేదు."

మూడో భాగం ముగిసింది. విరామం. చిట్టెం గట్టు మీదికి వచ్చి నీలక్క పక్కన కూర్చుంది. తోక ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు చెప్పినట్టే పట్టుకున్నాను అక్కా. తప్పు నా చేతులదే. నేను ఇంక ఆడను. నీ చోటు ఇంకెప్పుడూ అడగను."

నీలక్క కోరుకున్నది సరిగ్గా అదే. చోటు ఇంక ఎవరూ అడగరు. తను చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. మోకాలికి నీళ్ళు పట్టించుకుంటే చివరి భాగం ఎలాగో లాగించెయ్యొచ్చు.

పిల్ల తల దించుకుని తన చేతులు తనే చూసుకుంటోంది. బాగున్న చేతులు. వాటినే తిట్టుకుంటోంది.

నీలక్క లేచింది. కుంటుకుంటూ బొరియ దగ్గరికి వెళ్ళింది. జట్టంతా అక్కడే ఉంది.

"తాతా, నిన్న బంతి తప్పింది చిట్టెం వల్ల కాదు. ఇవాళా కాదు. నేను తప్పు నేర్పాను."

ఈము బావ మెడ ఇంకాస్త ముందుకు చాచాడు.

"తెలియకా?" అన్నాడు తాత.

"తెలిసే."

"ఎందుకు?"

"చోటు పోతుందని."

తాత తల బయటపెట్టాడు. "నేల నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నీలా. నువ్వు దాని చేత చెప్పించావు," అన్నాడు. తర్వాత, "చివరి భాగం నువ్వు ఆడవు. చోటు పోయింది," అన్నాడు.

"పోయింది తాతా."

"పోయాక ఇంక భయం దేనికి? విరామం ఇంకా ఉంది. వెళ్ళి నేర్పు."

నీలక్క చిట్టెం దగ్గరికి వచ్చింది. చిట్టెం అంతా విన్నది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నీ వీపు మీద ఇంకాస్త గట్టిగా తొక్కాల్సింది," అంది.

"తర్వాత తొక్కుదువు గాని, ముందు బంతి పట్టుకో. దాని ముందు మూతి కిందికి వంచు. ఇంకొంచెం. అదీ. ఇప్పుడు ఒక అడుగు ముందుకి కొట్టు."

చిట్టెం కొట్టింది. బంతి లేచి చేతిలోకి వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ వచ్చింది. చిట్టెం బంతి వంక చూసింది, అక్క వంక చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే," అంది నీలక్క. ఈసారి అది మొత్తం నిజం.

చివరి భాగం మొదలైంది. పన్నెండు వెనకబడి ఉన్నారు. నీలక్క గట్టు మీద కూర్చుంది. కూర్చుందన్న మాటే గాని, ఒక్క చోట కుదురుగా లేదు.

చిట్టెంకి బంతి దొరికింది. పరుగు. కొట్టింది, వచ్చింది. పరుగు. కొట్టింది, వచ్చింది. పరుగు. కొట్టింది, వచ్చింది. వెనకబడ్డ డింగోల నాలుకలు నేల ఊడ్చాయి. తన్నింది. నడిమి గుంజల మధ్య నుంచి పోయింది. ఈము బావ మెడ ఆరుసార్లు ఊపాడు.

తర్వాత బంతి ఒకరి నుంచి ఒకరికి మారి మళ్ళీ చిట్టెంని చేరింది. మళ్ళీ ఆరు. బావ మెడ పట్టేసింది, అయినా ఆరుసార్లూ ఊపాడు. లెక్క సమానమైంది.

ఆట ఇంకా రెండు నిమిషాలుంది. బంతి ఆకాశంలోకి లేచింది. కింద డింగోల నాయకుడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"వీపెక్కు," అని అరిచింది నీలక్క. "మంచమే అనుకో."

చిట్టెం నాయకుడి వీపెక్కి బంతి పట్టింది. దిగి తన్నింది. గాలి తోసిందో, కాలు జారిందో, బంతి పక్క గుంజల మధ్య నుంచి పోయింది. బావ ఒక్కసారి మెడ ఊపాడు. ఒక్కటే. ఆ ఒక్కటే చాలింది.

జామాయిల్ జట్టు గెలిచింది. చిట్టెం గంతులేసుకుంటూ గట్టు మీదికి వచ్చింది.

"అక్కా, ఆరు కొడదామనుకున్నా. ఒకటే వచ్చింది."

నీలక్క ఏదో అనబోయింది. మాట రాలేదు. అరిచి అరిచి గొంతు పోయింది. పిల్లను దగ్గరికి లాక్కుంది.

తర్వాతి శనివారం తాత చదివిన పేర్లలో చిట్టెం ఉంది. నీలక్క లేదు. ఆమెకి బాధ లేదని నేను చెప్పను. ఉంది. కాని ఆ రోజు లేత గడ్డి లేత గడ్డిలాగే ఉంది. సోమవారం వెళ్ళి తాతని అడిగింది. "తాతా, గుంజల ముందు చోటు నాకు కావాలి."

"చిట్టెం, విన్నావా? మూడు పొద్దులు నేర్పు," అన్నాడు తాత.

చిట్టెం నవ్వి నవ్వి కింద పడింది.

ఆ ఏడాది కొన్ని శనివారాలు ఆ చోటు చిట్టెంది. కొన్ని శనివారాలు నీలక్కది. ఏ శనివారం ఎవరికి వచ్చినా, గట్టు మీద కూర్చున్న వాళ్ళ గొంతు మాత్రం సాయంత్రానికి పోయి ఉండేది.

నీతి: చోటు కోసం ఎంతైనా పోటీ పడండి. కాని ఎదుటివాళ్ళకి తప్పు నేర్పి నిలబెట్టుకున్న చోటులో నిలబడటం నిలబడటం కాదు.