ఏటితల్లికి తొలి బాన

అనగనగా ఒక రాజు. ఆయన ఏలే వన్నెపురంలో ఇంటింటా రంగు బానలే. ఆ ఊరి చీర ఏడేళ్ళు కట్టినా రంగు దిగదని ఏడు దేశాల్లో పేరు. ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట కొత్తగా రంగు కాచినా, మొదటి బానను ఊరి పక్కన పారే తేటేటిలో గుమ్మరించి, ఏటితల్లి వాటా ఇచ్చామని దండం పెట్టేవారు. పది బానల ఊరు పెరిగి పదివేల బానల ఊరైంది. ఆచారం మాత్రం అలాగే ఉంది.

ఒక ఏడు ఏరు నల్లబడింది. చేపలు వెల్లకిలా తేలాయి. కోట ఊరికి దిగువన ఉంది కదా, ఆ రేవు నీళ్ళే తాగి తాగి రాణి మంచం పట్టింది. ఇదంతా ఏడు సముద్రాల అవతలి కరాళ మాంత్రికుడి పనేనని రాజు తేల్చేశాడు. ఎవరు చూశారని అడక్కండి, రాజుగారు తేల్చాక తేలినట్టే. వాడి ప్రాణమున్న చిలకను పట్టి తెచ్చినవాడికే రాజ్యమన్నాడు.

పెద్దకొడుకు మొదటి సముద్రం చూసే వెనక్కొచ్చాడు. నడిమివాడు మూడోదాకా పోయి వచ్చాడు. చిన్నవాడు మణికేతుడికి రాజ్యం మీద ఆశ లేదు, అమ్మ లేచి కూర్చుంటే చాలు. రేవులో వాడికొక ముసలి తాబేలు కనిపించింది. డిప్ప సగం నీలం, సగం ఎరుపు. జాలిపడి ఉత్తరీయంతో తుడిచాడు. తాబేలు వీపు ఎక్కమంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

మాంత్రికుడు నిద్రలో ఉండగానే చిలక మెడ చిక్కించుకున్నాడు మణికేతుడు. మాంత్రికుడు లేచి కాళ్ళ మీద పడ్డాడు.

"చంపితే చంపు బాబూ. రాజకుమార్తెల్ని రాళ్ళు చేశాను, కాదనను. మీ ఏటి జోలికి మాత్రం పోలేదు. ఆ డిప్పకు రంగెక్కడ అంటిందో తాబేలునే అడుగు."

తాబేలు తల దించుకుంది. "మీ రేవులోనే నాయనా. ఏటా ఉగాదినాడు మీ నాన్నగారు స్వహస్తాలతో పోసే తొలి బాన నా మీదే పడుతుంది. ఊరివాళ్ళు పోసే పదివేల బానలూ ఆ రేవుకే దిగివస్తాయి."

పిల్లలూ, ఆ చిన్నవాడి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. చిలక మెడ నులిమి తీసుకెళితే సింహాసనం వాడిదే. కాని అమ్మ లేవదు. రాళ్ళయిన రాజకుమార్తెల్ని మనుషుల్ని చేయించి, ఇక చెడు చేయనని మాంత్రికుడిచేత ఒట్టు వేయించి, చిలకను వదిలేశాడు. వట్టి చేతులతో తండ్రి ముందుకు పోయి తండ్రి తప్పు చెప్పడం కంటే ఏడు సముద్రాలు ఈదడమే తేలిక. అయినా పోయాడు.

రాజు మండిపడ్డాడు. ఏటితల్లి వాటా ఎగ్గొట్టమంటావా, మూడు రోజుల్లో రుజువు చూపకపోతే దేశం విడిచిపో అన్నాడు. అప్పుడు అద్దకంవారి అమ్మాయి చెంగల్వ మణికేతుడికి ఉపాయం చెప్పింది. ఇద్దరూ కలిసి ఊరికి ఎగువన ఒక కుండ, ఊరి నడుమ ఒక కుండ, కోట రేవులో ఒక కుండ నీళ్ళు ముంచి కొలువులో పెట్టారు. ఒక్కో కుండలో ఒక్కో చేపపిల్లను వదిలారు. మొదటిది గిరగిరా తిరిగింది. రెండోది రొప్పింది. మూడోది చూస్తుండగానే తిరగబడింది.

"నాన్నగారూ, ఈ మూడో కుండ నీళ్ళే మనం అమ్మకు తాగిస్తున్నాం" అన్నాడు మణికేతుడు.

రాజు సింహాసనం దిగి, పార పట్టుకుని బయటికి నడిచాడు. చెంగల్వ చెప్పినట్టు ఊరంతా గుంటలు తవ్వి ఇసుక, బొగ్గు పరిచారు. ఇక తొలి బానలూ ఏట్లో కాక వాటిలోనే పోశారు, రంగునీళ్ళు అక్కడే ఇంకాయి. ఆనాటినుంచి రాణికి ఎగువ నీళ్ళే. అయినా ఏరు ఒక్కరోజులో బాగుపడుతుందా? మూడు వానాకాలాలు పట్టింది. నాలుగో ఏడు రాణి తన కాళ్ళతో రేవుకు నడిచివెళ్ళి దోసెడు నీళ్ళు తాగింది.

ఆ రేవులోనే మణికేతుడికీ చెంగల్వకూ పెళ్ళయింది, పట్టాభిషేకమూ అయింది. వాళ్ళు ఎన్నేళ్ళు ఏలారో నాకు తెలియదు గానీ, వాళ్ళ ఏలుబడిలో ఏ తల్లీ బిడ్డకు నీళ్ళు పట్టడానికి వెనకాడలేదు.