సత్తవ్వ చాపిన మోకు

ఊఁ కొడితేనే చెప్త, లేకుంటే లేచిపోత. ఎప్పటిదో ముచ్చట. మా తాతకు వాళ్ల తాత చెప్పిండు.

ఒక ఊర్ల ముత్తయ్య అని కల్లుగీసేటోడు. వాని పెండ్లాం సత్తవ్వ. ఆమెకు నాంపెల్లి అని సొంత మేనబావ. వాడూ గీతగాడే. సత్తవ్వ తనకే అనుకున్నడు. సత్తవ్వేమో ముత్తయ్యను కోరి చేసుకున్నది. పైగా ముత్తయ్య చెట్టుకు కట్టిన లొట్టి కల్లుతోని నిండుతది, నాంపెల్లి చెట్టుకు అడుగు తడుస్తది. ఇంకేముంది, వానికి ఒకటే కడుపుమంట.

ఒకనాడు పోయి ముత్తయ్య లొట్లు పలగ్గొట్టిండు. సత్తవ్వ మొగనికి కొత్త లొట్లు తెచ్చిచ్చింది. మంట సల్లారిందా? సల్లారలే.

ఇంకోనాడు సత్తవ్వ మీద లేనిపోనివి పుట్టించిండు. ముత్తయ్య నవ్వి, పెండ్లాం పక్కనే కూసుండి బువ్వ తిన్నడు. మంట సల్లారిందా? సల్లారలే, ఇంకింత లేసింది.

మూడోసారి మోకు మీద పడ్డడు. మోకంటే ఎరుకేనా? చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు. గీతగాని పానం దాంట్లనే ఉంటది. దాని పేటలు లోపల్లోపల కోసి, పైన మైనం రాసిండు పాపిష్టోడు.

తెల్లారి మొగనికి మోకు అందియ్యబోతే సత్తవ్వ చేతికి మైనం తగిలింది. వంచి చూస్తే లోపల కోసిన పేటలు కనబడ్డయి. అడిగితే ఎవడు ఒప్పుకుంటడు? కోసినోడు మాత్రం దీన్ని ముట్టడు అనుకున్నది. ముత్తయ్యను ఇంట్లనే ఉండుమని, మోకు పట్టుకొని గీతగాళ్లు కూడే కాడికి పోయింది.

"మా ఆయనకు నడుము నొస్తున్నది. ఈ మోకుతోని ఎవరెక్కితే ఇయ్యాల మా చెట్టు కల్లు వాళ్లదే" అన్నది.

ఐలయ్య "ఇయ్యి చెల్లె" అని చెయ్యి చాపిండు. సత్తవ్వ మోకు గుంజుకున్నది. రాజలింగం చాపిండు. మళ్ల గుంజుకున్నది. పోయి నాంపెల్లి ముందట పట్టింది.

"తీస్కో బావా. ఎప్పుడూ మా చెట్టు దిక్కే చూస్తవు గదా."

ఆ కల్లంటే వానికి నోరూరుతది. చెయ్యి మాత్రం లేవలే. "నా మోకు నాకున్నది" అని గొణిగిండు.

సత్తవ్వ అందరి ముందట మోకు వంచింది. కోసిన పేటలు బయటపడ్డయి. "నా మొగడు పడి సస్తే నేను నీకు దక్కుతననుకున్నవా బావా?" అని ఏడ్చింది.

కులపెద్ద వాణ్ని ఊరు విడిచి పొమ్మన్నడు. సత్తవ్వ అడ్డం పడ్డది.

"ఏ ఊరికి పోయినా ఇదే పని చేస్తడు. ఈడనే ఉండనియ్యుండ్రి. రోజూ మొదటి చెట్టు మా ఆయన మోకుతోని వీడెక్కాలె, వీని మోకుతోని మా ఆయన ఎక్కాలె. వీని మోకు తెగితే ఎవడు కోసిండో ఊరందరికీ ఎరుకే."

అట్లనే సాగింది. నాంపెల్లి కుళ్లు పోయిందనుకుంటున్నరా? ఎక్కడిది. సచ్చేదాక ముత్తయ్య ఇంటి దిక్కు చూస్తే వాని కండ్లు ఎర్రబడేటియి. కానీ ముత్తయ్య మోకు ఇసుమంత నలిగినా ముందుగాల చూసి బాగుచేసేది వాడే.

సత్తవ్వ ముసల్దయి కన్ను మూసింది. ఇప్పటికీ ఆ దిక్కు గీతగాళ్లు పొద్దుగాల మోకులు మార్చుకొనే మొదటి చెట్టు ఎక్కుతరు. దిగినంక "సత్తవ్వకు సాక" అని నాలుగు చుక్కల కల్లు నేల మీద పోస్తరు. ఎవరన్న ఇద్దరి నడుమ పగ ఉన్నది, మాటల్లేవు అంటే, పట్టుబట్టి వాళ్లిద్దరికే మోకులు మార్పిస్తరు.