బుట్టలో మనిషి

బుట్టలో కూర్చోనని మాణిక్యం మొండికేసింది. తారకానికి వచ్చిన కష్టం అదీ.

ఆదివారం సాయంత్రం కాకినాడ ఎగ్జిబిషన్‌లో అతని ఆట. అంతమంది జనం ముందు నిలబడడం అతనికి అదే మొదటిసారి. ఇన్నేళ్లూ బడి వార్షికోత్సవాల్లో, పెళ్లి విడిదుల్లో రుమాళ్లు మాయం చేసి, పిల్లల చెవుల్లోంచి గోళీలు తీసి నెట్టుకొచ్చాడు. ఈసారి ఊళ్లో గోడల మీద కాగితాలంటించారు. వెదురుబుట్టలో ఒక ఆడమనిషి, ఆ బుట్టలోకి దిగుతున్న కత్తులు, కింద పెద్ద అక్షరాలతో తారకం పేరు. బుట్టలో ఆడమనిషికి పేరు వెయ్యలేదు. ఆమె మాణిక్యం, అతని భార్య.

తారకానిది పుస్తకాల విద్య. రాజమండ్రిలో పాత కాగితాల కొట్లో, తూకానికి అమ్మేసిన కట్టల మధ్య అతనికి అట్టలూడిన గారడీ పుస్తకాలు దొరికాయి. ఎప్పుడో మద్రాసులో అచ్చయినవి. పురుగులు తిన్న అంచులు, పొడుగు కోటు వేసుకున్న మీసాల దొర బొమ్మలు, 'చూపరుల దృష్టిని వేరొక వైపునకు మరల్చవలెను' అనే భాష. వాటిని తారకం పరీక్షకి చదివినట్టు చదివాడు. నిద్రలో లేపి అడిగినా ఏ గారడీ ఏ పేజీలో ఉందో చెప్పగలడు. మనిషి దగ్గర నేర్చుకోవాలన్న ఆలోచన మాత్రం ఈమధ్యే పుట్టింది. అప్పట్నుంచి సామర్లకోటలో ఖాదర్ ఉస్తాద్ ఇంటికి వెళ్లొస్తున్నాడు.

ఉస్తాద్ రైల్వే గేటు పక్కన చిన్న పెంకుటింట్లో ఉంటాడు. బుట్ట గారడీలో ఒకప్పుడు ఆయన తర్వాతే ఎవరైనా అని చెప్పుకుంటారు. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతాయి. ఒక కంటికి పొర కమ్మింది. పాఠాలంటూ పెద్దగా చెప్పడు. తారకం చేసేది చూస్తాడు, ఊఁ అంటాడు, టీ తెప్పిస్తాడు.

ఆట దగ్గర పడేసరికి తారకం బుట్టని బస్సు టాపు మీద వేయించి, మాణిక్యాన్ని వెంటబెట్టుకుని మధ్యాహ్నం వేళ ఆయన ఇంటికి వచ్చిపడ్డాడు.

"మీరైనా చెప్పండి ఉస్తాద్. భయం లేదంటే వినదు. ఎల్లుండి జనం ముందు నా పరువు తీసేలా ఉంది."

ఉస్తాద్ మాణిక్యం వైపు తిరిగాడు. "ఏమ్మా, భయమా?"

"భయమేనండి," అంది మాణిక్యం. "ఆయనకి రవ్వంత కూడా లేదు. ఆయన వాటా కూడా నేనే పడుతున్నాను."

"చూశారా ఆ నోరు?" అన్నాడు తారకం. "ఇంట్లోనూ ఇంతే. అందుకే బుట్టలోకి దిగేముందు నోటినిండా నీళ్లు పట్టిస్తున్నాను. అదీ పుస్తకంలో ఉన్నదే. లోపలి మనిషి కిక్కురుమంటే ఆట పోతుంది. నోట్లో నీళ్లుంటే అరవాలన్నా అరవలేరు."

"మంచి ఉపాయమే," అన్నాడు ఉస్తాద్. ఆయన చూపు మాణిక్యం మెడ దగ్గర ఆగింది. "చెవి కింద అదేమిటమ్మా, కమిలినట్టుంది?"

మాణిక్యం పమిట పైకి లాక్కుంది. జవాబు తారకమే చెప్పాడు.

"మూడో కర్ర తగిలిందండి. ఇంకా కర్రలతోనే కదా సాధన. కుడికి వాలవే అంటే నిదానంగా వాలుతుంది."

"నిదానమేం కాదు. ముందే వాలాను."

"ముందే వాలితే ఎందుకు తగులుతుంది?"

"అదే కదా నేనూ అడుగుతున్నది. వాలినప్పుడల్లా తగులుతోంది. వాలకుండా ఉన్నరోజు తగల్లేదు. ఆ రోజు మీరు పాఠం తప్పానని తిట్టారు."

ఉస్తాద్ పుస్తకం అడిగి తీసుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి, బుట్ట గారడీ ఉన్న పేజీని వెలుతురుకు తిప్పి, మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. బొమ్మలో దొర బుట్ట వెనక నిలబడి ఉన్నాడు. కత్తి పైకెత్తి, నవ్వుతూ ఉన్నాడు.

"ఆవిడకి పాఠం ఎలా చెప్పావు?"

"అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను."

"నీ సంగతి?"

"నాది బొమ్మ చూసి పట్టేశాను. బొమ్మలో అంతా ఉంది కదా."

ఉస్తాద్ పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాడు. "ఏదీ, ఖాళీ బుట్టలో ఒకసారి దించి చూపించు."

తారకానికి హుషారొచ్చింది. వాకిట్లో బుట్ట దింపి, మూత పెట్టి, దాని వెనక నిలబడ్డాడు. ఎదురుగా జనం ఉన్నట్టే తల పంకించి నవ్వాడు. ముందువైపు నుంచి ఒక కర్ర, వెనకనుంచి ఒకటి, కుడిపక్క నుంచి మూడోది. కన్ను మూసి తెరిచేలోపు మూడూ బుట్టలో దిగాయి. ఎక్కడా తడబాటు లేదు.

"ఆగకూడదండి," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మధ్యలో ఆగితే జనానికి అనుమానం వస్తుందని స్పష్టంగా రాశాడు."

"బాగుంది," అన్నాడు ఉస్తాద్. "ఇప్పుడు నువ్వు లోపల కూర్చో. నువ్వు దించినట్టే నేను దించుతాను."

"నేనా?"

"ఆవిడ పాఠం కూడా నీకు వచ్చు కదా."

తారకం బుట్టలోంచి కర్రలు లాగి పక్కన పెట్టాడు. ఈలోగా ఉస్తాద్ మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి గుడ్డమూట విప్పాడు. నూనె వాసన గుప్పుమంది. కత్తులు. ఏళ్లుగా ఎవరూ తాకకపోయినా వాటి మెరుపు పోలేదు.

"ఉస్తాద్, కర్రలున్నాయి కదా..."

"ఎగ్జిబిషన్‌లో కర్రలతో ఆడతావా బేటా?"

ఆయన కత్తిని గుడ్డతో తుడుస్తుంటే చెయ్యి వణికింది. గుడ్డా వణికింది, కత్తీ వణికింది. తారకం ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పొర కమ్మిన కంటిని చూశాడు. తర్వాత మాణిక్యాన్ని చూశాడు, ఆమె ఏదైనా అంటే బాగుండునని. మాణిక్యం లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"ఇదిగోండి, పట్టండి," అంది.

ఆమె ముఖంలో వెటకారం లేదు. అది ఉన్నా అతనికి కాస్త ధైర్యంగా ఉండేది.

నోటినిండా నీళ్లు పోసుకుని తారకం బుట్టలోకి దిగాడు. జనం కూర్చునే వైపుకి ముఖం పెట్టి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నాడు. మూత పడింది.

ఇంతవరకు ఆ బుట్టలో అతను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. బయటనుంచి అంత పెద్దగా కనిపించేది, లోపల మనిషికి ఊపిరి పీల్చడానికి కూడా జాగా లేదు. అల్లిక సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ చుక్కలే అతని లోకం. వాటి మీద నీడ కదిలితే మనిషి కదిలినట్టు. నీడ ఆగితే మనిషి ఆగినట్టు. ఉస్తాద్ చుట్టూ తిరుగుతున్నాడు.

అంతలో గేటు దగ్గర గంట మోగింది. గూడ్సు బండి వచ్చింది. నేల అదిరింది. బుట్ట అదిరింది. ఆ మోతలో ఉస్తాద్ అడుగులు వినిపించడం మానేశాయి. ఇప్పుడు ఎటు పక్క ఉన్నాడు? ముందా, వెనకా? తారకం ముక్కుతో ఊపిరి పీల్చాడు. నోట్లో నీళ్లు అప్పుడే వెచ్చబడ్డాయి.

ముందువైపు చుక్కలు ఆరిపోయాయి. పాఠం ప్రకారం వెనక్కి నొక్కుకున్నాడు. మొదటి కత్తి అతని మోకాళ్ల ముందు నుంచి దిగి, అడుగు అల్లికలో గుచ్చుకుంది. ఇనుము చలువ లుంగీలోంచి తెలిసింది. పుస్తకంలో 'సులభముగా తప్పించుకొనవచ్చును' అని ఉంటుంది ఇక్కడ. ఆ సులభమైన సందు వేలెడు కూడా లేదు.

వెనక చుక్కలు ఆరాయి. ముందుకు జరగాలి. ముందు కత్తి ఉంది. కడుపు లోపలికి లాక్కుని, ఎంత జరగగలడో అంత జరిగాడు. రెండో కత్తి వీపు చొక్కాను గీరుకుంటూ దిగింది. పాఠం పనిచేస్తోంది. అంతా రాసినట్టే జరుగుతోంది. ఇక ఒక్కటే కదా అనుకున్నాడు.

గూడ్సు బండి ఎంతకీ పోవడం లేదు.

మూడో కత్తికి కుడివైపునకు వాలవలెను. వాలాడు. భుజం అల్లికకి ఆనింది, చెవి ఆనింది. ఆ రెండు కత్తుల మధ్యా ఇంక ఏ పక్కకీ మెదలడానికి లేకుండా సర్దుకున్నాడు.

అప్పుడు కుడివైపు చుక్కలు ఆరిపోయాయి.

ముందు అతనికి అర్థం కాలేదు. కళ్లార్పి చూశాడు. ఎడమవైపు వెలుతురు అలాగే ఉంది. చీకటి కుడివైపే. చెంప పక్కనే. ఉస్తాద్ పొరబడ్డాడనుకున్నాడు. చూపు లేని మనిషి, పొరబడ్డాడు. ఆ వెంటనే వాకిట్లో తాను దించిన మూడో కర్ర కళ్లముందుకొచ్చింది. ఏ పక్కనుంచి దించాడు? కుడిపక్క నుంచే. బొమ్మలో కత్తి కుడిపక్కనే ఉంది కదా. బొమ్మ గీసినవాడు ఎక్కడ కూర్చుని గీశాడు? జనంలో. దొరకి ఎదురుగా.

దొరకి అది ఎడమ చెయ్యి.

అరవాలి. నోటినిండా నీళ్లు. మింగుదామంటే గొంతు పడనివ్వలేదు, ఉమ్ముదామంటే మోకాళ్లకు ఆనిన మూతి తెరుచుకోలేదు. ఎడమకి జరుగుదామంటే ముందొక కత్తి, వెనకొక కత్తి. కాలితో బుట్టని తన్నుదామంటే కాళ్లు చాపే చోటు లేదు. చేతివేళ్లతో అల్లిక మీద గీరాడు. గూడ్సు మోతలో అది అతనికే వినబడలేదు.

వెదురు చిట్లిన చప్పుడు మాత్రం వినబడింది. చెవి పక్కనే.

కత్తి మొన లోపలికి వచ్చింది. చెవి కింద మెత్తని చోట, సరిగ్గా మాణిక్యానికి కమిలిన చోట, చర్మానికి ఆనింది. ఆని ఉండిపోయింది.

అది వణుకుతోంది. పట్టుకున్న చేతిలోని వణుకు ఇనుములోంచి పాకి అతని మెడలోకి దిగుతోంది. ఆ వణుకు ఒక్క పిసరు ఎక్కువైతే చాలు. తారకం కళ్లు మూసుకున్నాడు. దేవుళ్ల పేర్లు గుర్తు రావాల్సిన చోట ఒక్క మాటే తిరుగుతోంది. 'నిదానంగా వాలుతుంది.' తన గొంతే. ఎంత తేలిగ్గా అన్నాడు.

గూడ్సు బండి వెళ్లిపోయింది. ఆ నిశ్శబ్దంలో కత్తి వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఒకటి తర్వాత ఒకటి మిగతా రెండూ పోయాయి. మూత లేచింది.

మాణిక్యం చెయ్యిచ్చి లేపింది. అతను బుట్ట అంచు పట్టుకుని బయటికి జారి, వాకిట్లో నేలమీదే కూర్చుండిపోయాడు. నోట్లో నీళ్లు ఎప్పుడు పోయాయో తెలియదు. చొక్కా ముందంతా తడిసి ఉంది. చెవి కింద తడుముకుని వేళ్లు చూసుకున్నాడు. నెత్తురు లేదు. మళ్లీ తడుముకున్నాడు.

మాణిక్యం అతని ముందు కూర్చుని పమిట కొంగుతో గడ్డం తుడిచింది. అతను ఆమె మెడ వైపు చూడబోయి, చూడలేక తల దించుకున్నాడు.

ఉస్తాద్ అరుగు మీద కూర్చుని కత్తులకి మళ్లీ గుడ్డ చుడుతున్నాడు. ఆయన కూడా చెమటలు కక్కుతున్నాడు. ముడి పడడం లేదు. రెండుసార్లు జారిపోయింది.

తారకం తల ఎత్తాడు.

"ఉస్తాద్... సరిగ్గా అక్కడ ఆపారు. ఇంకొక్క పిసరు దిగితే..." బుట్ట వైపు చూశాడు. "మూత వేసుంది. నేను అరవలేదు. లోపల నేనెక్కడున్నానో మీకెలా తెలిసింది?"

ఉస్తాద్ ముడి వదిలేసి అతని వైపు చూశాడు.

"తెలీలేదు," అన్నాడు. "అందుకే ఆగాను."