మలుపు దగ్గర మౌనం

అది కార్తీక అమావాస్య, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల వేళ. తీగలకొండ వనం గేటు ముందు శేషావతారంగారు చేతిలో పలక మీద రాసి గురువుగారికి చూపించారు: "అమ్మా, నా మౌనం సిద్ధించినట్టేనా?"

కార్తీకమంతా ఆయన పెదవి విప్పలేదు. ఆ సాయంత్రం దీపం పెట్టాక శివనామంతో మౌనం విడవాలని సంకల్పం. బట్టల కొట్లో బేరాలు సైతం వేళ్లతోనే నడిపించారని ఊళ్లో చెప్పుకున్నారు; ఆ మాట ఆయన చెవిన పడకా పోలేదు, తియ్యగా తగలకా పోలేదు.

ఆయనకు మంత్రం చెప్పిన గురువు భద్రమ్మగారు. అడిగిన వెంటనే జవాబివ్వడం ఆవిడ అలవాటు కాదు. పలక చదివి, "కొండెక్కుదాం పద నాయనా," అన్నారు, అంతే.

కొండ మీది శివాలయానికి అడవిలోంచి ఒకటే బాట. నడిచేవాళ్లకూ, అద్దె గుర్రాలకూ అదే దారి. శేషావతారంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారికి మోకాళ్ల నొప్పులు. అందుకని ఆవిడ గుర్రమెక్కారు, ఎక్కిన దగ్గర్నుంచీ నవ్వే.

"మా పెళ్లి ఊరేగింపుకి కూడా ఎడ్లబండే లోవరాజూ! ముసలితనంలో నాకిదేం వైభోగం!"

"జీను గట్టిగా పట్టుకోండి మామ్మగారూ, వైభోగం జారిపోద్ది," అన్నాడు కళ్లెం పట్టిన లోవరాజు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు: "బాట సన్నమండి. మలుపు ముందు నేను కేకేస్తాను. అవతల ఎవరున్నా పలకాలి. మనిషి గొంతు వింటే గుర్రానికి ధైర్యం. ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డ మనిషంటేనే దానికి బెదురు."

శేషావతారంగారు తలూపి, జపం చేసుకుంటూ ముందు నడిచారు. భద్రమ్మగారు నెమ్మదిగా వెనక వస్తున్నారు. పైన ఒక బండరాయి దగ్గర బాట మెలి తిరిగిన చోట ఆయన ఆయాసం తీర్చుకోడానికి ఆగి, కాషాయ శాలువా తల మీదుగా కప్పుకున్నారు. అప్పుడే కింది నుంచి కేక వినబడింది.

"మలుపండోయ్! ఎవరైనా ఉంటే పలకండి!"

ఆయన గొంతు దాకా మాట వచ్చింది. ఇంకొక్క పూట. నెలంతా కాపాడుకున్నది ఒక గుర్రం కోసం పోగొట్టుకోవడమా? నేను పక్కకు తప్పుకుంటే సరిపోదూ? బండకు ఆనుకుని నిలబడ్డారు. గిట్టల చప్పుడు దగ్గరయింది. ఈసారి భార్య గొంతు వినబడింది.

"ఏమండీ, మీరేనా అక్కడ?"

ఆయన పళ్లు బిగించారు.

గుర్రం మలుపు తిరిగింది. గాలికి శాలువా చెంగు రెపరెపలాడింది. గుర్రం ముందుకాళ్లు ఎత్తేసింది. లోవరాజు కళ్లేనికి వేలాడి దాన్ని ఆపాడు గానీ, రాజ్యలక్ష్మమ్మగారు అప్పటికే కుడిచెయ్యి ఒంటి కింద నలిగేలా బండ మీద పడిపోయారు. శేషావతారంగారు పరుగెత్తుకొచ్చి చేతులతో ఏవో సైగలు చేశారు.

"నోరు పడిపోయిందా మీకు? రెండుసార్లు అడిగితే పలకరేం?" అని లోవరాజు ఆయన మీద కేకలేశాడు.

"ఆయన్నేమీ అనకు నాయనా," అన్నారు రాజ్యలక్ష్మమ్మగారు, నొప్పికి కళ్లు మూసుకునే. "మౌనంలో ఉన్నారు. గుర్రం కాలు గానీ ఆయనకు తగల్లేదు కదా? చూడు."

ఆ మాటతో ఆయన తల వాలిపోయింది. పడ్డప్పుడు కూడా ఆవిడ తన వ్రతాన్ని కాపాడుతోంది. తను కాపాడుకున్నదేమిటి?

"రాజ్యం!" అన్నారు. నెలనాళ్లు వాడని గొంతు కీచుమంది. శివనామం గుర్తుకైనా రాలేదు. వెనకే వచ్చిన భద్రమ్మగారు ఆయన వంక చూడలేదు. చూసి కోప్పడ్డా బాగుండేదనిపించింది ఆయనకు. ఆవిడ తన కొంగు చింపి, విరిగిన చేతికి మెత్తగా కట్టు కట్టారు. గుడికి ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు పోలి పాడ్యమి. ఇంకా వెలుగు రాకముందే ఇంటి ఆడవాళ్లు తులసికోట దగ్గర పెద్ద పళ్లెంలో నీళ్లు పోశారు. రాజ్యలక్ష్మమ్మగారి కుడిచెయ్యి పిండికట్టుతో మెడకు వేలాడుతోంది. శేషావతారంగారు ఆడవాళ్ల మధ్య గొంతుక్కూర్చుని, ఒత్తులు వెలిగించి, నీళ్లలో వదలడానికి అరటి దొప్పలు ఒక్కొక్కటే ఆవిడ ఎడమచేతికి అందించారు. "మామయ్యగారూ, ఆ దొప్ప తలకిందులండీ," అని కోడలు నవ్వాపుకుంది. ఆయన సరిచేసి ఇచ్చారు. ఆ ఇంట్లో ఆ పాడ్యమిని ఇప్పటికీ తలుచుకుంటారు.

తెల్లవారాక భద్రమ్మగారు ప్రయాణమయ్యారు. ఆయన గుమ్మం దాకా వచ్చి ఆవిడ కాళ్ల మీద పడ్డారు.

"తప్పయిపోయిందమ్మా. మళ్లీ మొదటినుంచీ మౌనం పడతాను. ఈసారి ఎన్నాళ్లు చెయ్యమంటారు?"

భద్రమ్మగారు ఆయన భుజం మీదుగా లోపలికి చూశారు.

"దువ్వెన పట్టుకుని ఒంటిచేత్తో జడతో అవస్థ పడుతోంది. వెళ్లు నాయనా."