వెళ్ళిరా తల్లీ

అనగా అనగా, ఏనుగుల కంటే ఏనుగు బొమ్మలే ఎక్కువగా ఉన్న ఒక రాజ్యం ఉండేది. నిజం ఏనుగులు రెండే. అందులో ఒకటి ముసలిది. బొమ్మ ఏనుగులు మాత్రం ఇంటింటా బారులు తీరి ఉండేవి.

ఆ బొమ్మలన్నీ చిలకలకొండ కింది ఊళ్ళో పుట్టేవి. కొండ నిండా అంకుడు చెట్లు. అంకుడు కర్ర ఎంత మెత్తనంటే, ఉలి పెడితే వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. ఊరివాళ్ళు ఆ కర్రతో బొంగరాలు, గిలక్కాయలు, ఏనుగులు చేసి, లక్క రంగులు పూసి మెరిపించేవారు.

ఆ ఊళ్ళో ఒక వింత ఆచారం ఉండేది. చెట్టును ఎవరూ నేలమట్టంగా నరికేవారు కారు. చెట్టు పక్కన నిలబడి, తమ మోకాలి ఎత్తున గుర్తు పెట్టుకుని, అక్కడ కోసేవారు. మిగిలిన మోడుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చుట్టాన్ని సాగనంపినట్టు "వెళ్ళిరా తల్లీ" అనేవారు.

అందరికంటే పెద్దది నూకాలవ్వ. అందరికంటే పొట్టిది కూడా. కొండ మీద మరీ కురచ మోడు కనబడితే, అది నూకాలవ్వ కోసిందేనని పిల్లలు ఇట్టే చెప్పేసేవారు.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రసన్నవర్మ మంచి రాజే. కాస్త తొందర ఎక్కువ. ఊరికీ పట్నానికీ నడుమ ఒక ఏరు ఉంది. ఏటేటా వానాకాలంలో అక్కడ పడవలు మునిగేవి. ఏడు స్తంభాలతో వంతెన కట్టించాలని రాజుకు గట్టి కోరిక. చూస్తే ఖజానాలో బూజు తప్ప ఏమీ లేదు.

అప్పుడు సుదత్తుడనే ఓడ వర్తకుడు వచ్చి, "ప్రభూ! ఓడ నిండా బొమ్మలు ఇప్పించండి. ఓడ నిండా బంగారం తెస్తాను" అన్నాడు.

మొదటి ఏడు ఒక ఓడ వెళ్ళింది. బంగారం వచ్చింది. ఏట్లో ఒక స్తంభం లేచింది. ఊరంతా పాయసం వండుకుంది.

రెండో ఏడు సుదత్తుడు మూడు ఓడలు తెచ్చాడు. కొండ మీద మోళ్ళు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "లావుపాటి కర్రంతా మోకాలి కిందే ఉంది కదయ్యా! దాన్ని మట్టికి వదిలేస్తారా?" అని తన కూలీలను పిలిపించాడు. తూర్పు వాలులో ఉన్న చెట్లన్నిటినీ వేళ్ళతో సహా పెళ్ళగించాడు. వాటికి బొట్టు పెట్టినవాళ్ళు లేరు, వెళ్ళిరా అన్నవాళ్ళూ లేరు.

మూడో ఏడు తొలకరికే తూర్పు వాలు మట్టి జారిపోయింది. ఏరు ఎర్రగా పొంగి, కట్టిన ఒక్క స్తంభాన్నీ పడగొట్టింది. మూడు ఓడల బంగారమూ వరద నష్టం పూడ్చడానికే ఖర్చయిపోయింది.

రాజు హడలిపోయాడు. "ఇకపై కొండ మీద చెట్టు ముట్టినవాళ్ళు ఊరు విడిచి పోవలసిందే!" అని దండోరా వేయించాడు.

మిగిలిన కొండ పచ్చగానే ఉంది. ఊరు మాత్రం వాడిపోయింది. ఉలులు తుప్పు పట్టాయి. అన్నం తినేవాళ్ళు గంజికి దిగారు. రెండు కుటుంబాలు వలస పోవడానికి బండ్లు కట్టాయి. నూకాలవ్వ ఆ బండ్లను చూసింది. కత్తి పట్టుకుని పట్టపగలే, భటుల కళ్ళెదుటే కొండెక్కి, ఒక చెట్టును మోకాలి ఎత్తున కోసింది. బొట్టు పెట్టి, "వెళ్ళిరా తల్లీ" అంది. భటులు ఆమెను సభకు తీసుకుపోయారు.

"అవ్వా! నా ఆజ్ఞ వినలేదా?" అన్నాడు రాజు.

"ఇన్నాను మారాజా. సెవులు బాగానే పనిసేత్తన్నాయి. కాళ్ళే నొప్పులు. ఓ పీట ఏయించండి."

సభంతా గొల్లున నవ్వింది. పీట వచ్చింది.

"కొండను కాపాడాలనే కదా ఆ ఆజ్ఞ ఇచ్చాను!"

"కొండని కాపాడారు బాబూ. కొండ కింద మనుసుల్ని మర్సిపోయారు. నాను సెట్టుని సంపనేదు, సాగనంపాను. వానలు పడితే అదే వత్తాది."

సుదత్తుడు పకపకా నవ్వాడు. "నరికిన చెట్టు నడిచి వస్తుందా అవ్వా?"

"నడిసి రాదు నాయినా. సిగురేసుకుని వత్తాది."

రాజు ఆలోచించాడు. "నెల రోజుల గడువు ఇస్తున్నాను. చెట్టు వస్తే నీ మాట వింటాను. రాకపోతే నువ్వు ఊరు విడిచి పోవాలి."

ఆ కొండ కింద తప్ప నూకాలవ్వ ఒక్క రాత్రి కూడా నిద్రపోయి ఎరగదు. అయినా "సరే మారాజా" అంది.

పది రోజులకు రాజు వచ్చి చూశాడు. మోడు మీద చీమలు పాకుతున్నాయి.

ఇరవై రోజులకు వచ్చాడు. మోడు పక్కన ఒక పుట్టగొడుగు లేచింది. "ఇదేనా అవ్వా మీ చుట్టం?" అని సుదత్తుడు వెక్కిరించాడు. ఆ పూట ఊళ్ళో ఎవరికీ ముద్ద దిగలేదు. నూకాలవ్వ తన ఉలిని గుడ్డలో చుట్టి మూట కట్టుకుంది.

ముప్పయ్యో రోజున జోరువాన. పైనుంచి చూస్తే మోడు మోడులాగే ఉంది. రాజు నిట్టూర్చి, దగ్గరగా చూద్దామని బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బెరడు అంచున, ఆవగింజలంత పచ్చని మొగ్గలు! ఒకటి, రెండు, మూడు... పదకొండు!

"అవ్వా! వచ్చింది! తల్లి వచ్చింది!" అని రాజు చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. కిరీటం జారి బురదలో పడినా చూసుకోలేదు.

నూకాలవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఎల్లింది ఒక్కత్తి. పిల్లా మేకతో దిగింది సూడండి!"

తరవాత ఆమె రాజును పడమటి వాలుకు తీసుకుపోయింది. రెండేళ్ళ కిందట కోసిన మోళ్ళ మీద కొమ్మలు రాజు తల దాటి పెరిగాయి. అక్కడినుంచి తూర్పు వాలుకు తీసుకుపోయింది. అక్కడ ఎర్రమట్టి తప్ప గడ్డిపరక లేదు. వేళ్ళు మిగిల్చితేనే చెట్టు తిరిగి వస్తుందని, మట్టి నిలుస్తుందని రాజుకు బోధపడింది.

"ఇప్పుడేం చేద్దాం అవ్వా?"

"మిగిలిన కొండని ఏడు పాళ్ళు సెయ్యండి బాబూ. ఏడాదికి ఒక్క పాలే కోద్దాం. ఏడాదికి ఒక్క ఓడే పంపుదాం. వంతెనకి ఏడు కాళ్ళు కదా, ఏడాదికి ఒకటి లేత్తాది."

"మరి తూర్పు వాలు?" అన్నాడు రాజు, సుదత్తుడి వంక చూస్తూ.

సుదత్తుడు పలుగు అందుకున్నాడు. ఒక్కొక్క మొక్క నాటి, సిగ్గుపడుతూనే "రా తల్లీ" అన్నాడు. "గట్టిగా పిలు నాయినా, దానికి సెముడు!" అంది నూకాలవ్వ. కొండంతా నవ్వులే.

ఏడేళ్ళు గడిచాయి. ఏడో స్తంభం లేచి వంతెన పూర్తయిన నాడు, మొదటి పాలు చెట్లు మళ్ళీ కోతకు వచ్చాయి. వంతెన మీద ముందుగా నూకాలవ్వ నడిచింది. వెనక బొమ్మల బండ్లు, ఆ వెనక రెండు నిజం ఏనుగులు, చివరగా రాజు. తూర్పు వాలులో లేత అంకుళ్ళు గాలికి ఊగుతున్నాయి. ఆ రోజు మళ్ళీ ఊరంతా పాయసం వండుకుంది.

నీతి: చెట్టు నుంచి తీసుకునేవాడు, చెట్టు తిరిగి వచ్చే దారి ఉంచాలి, అప్పుడే కొండా నిలుస్తుంది, వంతెనా నిలుస్తుంది.