రేగులపట్నం పొట్టల పరీక్ష

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక పట్నం. నవ్వకండర్రా! అడవిలో పట్నం ఎందుకుండకూడదు? జంతువులకు మాత్రం ఇళ్లూ వాకిళ్లూ, అంగళ్లూ బజార్లూ వద్దా ఏంటి? ఆ పట్నం పేరు రేగులపట్నం. అక్కడ ఎలుకలు కాలవలు తవ్వేవి. గాడిదలు ఇటుకలు మోసేవి. కోతులు ఇళ్ల కప్పులు వేసేవి. ఊరందరికీ పెద్ద, కొండయ్య అనే ముసలి ఏనుగు.

ఊరి మధ్యన ఇంత పెద్ద గాదె ఒకటుండేది. పంట చేతికొచ్చినప్పుడల్లా అందరూ తలా కొంచెం తెచ్చి అందులో పోసేవారు. జొన్నలు, సజ్జలు, ఉలవలు, ఎవరికి పండింది వాళ్లు. ఊళ్లో ఎవరూ పస్తుండకూడదని తాతల నాటి కట్టుబాటు. మంచి కట్టుబాటే కదా? మరి ఊళ్లో ఆకలి ఎందుకు పోలేదంటారు? అదే చెబుతున్నా, వినండి.

గాదె తాళం ఉడుము సాంబయ్య చేతిలో ఉండేది. ఉడుంపట్టు అంటారు చూశారా, అచ్చం అదే పట్టు. ఎంగిలిచేత్తో కాకినైనా తోలడు. ఈ మాట నేనంటున్నది కాదు, ఆ ఊరి కాకులే చెప్పుకునేవి.

ఒకరోజు సాంబయ్య ఏనుగు దగ్గరకెళ్లి ఇలా అన్నాడు: "దొరా, అడిగినవాళ్లందరికీ గింజలు కొలిచి ఇస్తూ పోతే గాదె ఖాళీ అవుతుంది. నిజంగా ఆకలైనవాళ్లకే పెడదాం."

"బాగానే ఉంది. ఎవరి ఆకలి నిజమో ఎలా తెలుస్తుంది?" అన్నాడు కొండయ్య.

"మన తురాయమ్మ ఉందిగా!" అన్నాడు సాంబయ్య.

తురాయమ్మ ఒక వడ్రంగి పిట్ట. నెత్తిన ఎర్రటి తురాయి, ఉలిలాంటి ముక్కు. ఎంత పెద్ద మానునైనా టకటకమని కొట్టి, లోపల డొల్లో గట్టో చెప్పేసేది. ఇల్లు కట్టుకునేవాళ్లు దూలం కొనే ముందు ఆమెనే పిలుచుకెళ్లేవాళ్లు. ఇన్నేళ్లలో ఆమె మాట ఒక్కసారీ తప్పలేదు.

"మాను సంగతి చెప్పేదాన్ని పొట్ట సంగతి చెప్పలేనా?" అంది తురాయమ్మ తురాయి పైకెత్తి.

ఇక చూస్కోండి! గాదె ముందు ఒక మోడు వేశారు. దాని మీద తురాయమ్మ కూర్చునేది. ఆకలన్నవాళ్లు వరుసగా వచ్చి ఆమె ముందు నిలబడాలి. ఆమె పొట్ట మీద ముక్కుతో టక్కుమని కొట్టేది. 'డం' అని మోగిందా, పొట్ట ఖాళీ అన్నమాట. "ఇతనికి మానెడు ఉలవలు కొలవండి!" అనేది. 'దబ్' అని మోగిందా, పొట్ట నిండుగా ఉందన్నమాట. "ఇక వెళ్లిరా!" అనేది. ఊరంతా ఆహా ఓహో అంది. తురాయమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు. పిట్ట కాళ్లు నేల మీద ఎప్పుడు ఆనాయని అడక్కండి, కథ ఆగిపోతుంది.

ఒక పొద్దున ఇటుకలు మోసే గాడిద ఈరమ్మ వచ్చి నిలబడింది. తురాయమ్మ కొట్టింది. 'దబ్' అంది పొట్ట.

"ఏమే ఈరమ్మా, ఇంత నిండుగా ఉంటే ఆకలంటావేం?" అంది తురాయమ్మ.

"లేదమ్మగారూ, నిన్నటి నుంచి గింజ ముట్టలేదు. పాలు పడక పిల్ల ఒకటే ఏడుపు" అంది ఈరమ్మ.

"నా ముక్కు అబద్ధం చెప్పదు. పక్కకు జరుగు."

ఈరమ్మ తల వంచుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే బోదురుకప్ప బొద్దయ్య గెంతుకుంటూ వచ్చాడు. అతని పొట్ట 'డం' అని డోలులా మోగింది. మానెడు ఉలవలు పట్టుకుని దర్జాగా పోయాడు.

మధ్యాహ్నం తురాయమ్మ ఇంటికి ఎగిరిపోతూ కిందికి చూసింది. దారి మధ్యలో ఇటుకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి పక్కన ఈరమ్మ పడి ఉంది. పిల్ల తల్లి పొదుగులో మూతి పెట్టి కుమ్ముతోంది. ఒక్క చుక్క రావడంలేదు. పాపం, దానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

తురాయమ్మ చటుక్కున వాలింది. ఊపిరి ఆడుతోందో లేదోనని ఈరమ్మ పొట్టకు చెవి ఆనించింది. లోపల గళగళమంది.

"ఇదేంటే ఈరమ్మా! ఇన్ని నీళ్లు తాగావేం?"

"ఇంకేం చెయ్యనమ్మగారూ?" అంది ఈరమ్మ కళ్లు తెరిచి. "ఆకలేసినప్పుడల్లా ఏటికెళ్లి కడుపునిండా నీళ్లు తాగుతాం. మా వాడలో అందరమూ అంతే. నీళ్లైనా లేకపోతే కాళ్లు కదలవు."

తురాయమ్మకు 'దబ్' అన్న పొట్టలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తను పొమ్మన్నవాళ్లందరివీ నీళ్ల పొట్టలే! ఎవరు ఎక్కువ మాడితే వాళ్లు ఎక్కువ నీళ్లు తాగారు. ఎవరు ఎక్కువ నీళ్లు తాగితే వాళ్లనే తను తరిమేసింది.  సిగ్గుతో తురాయి వాలిపోయింది. తన గూట్లో దాచుకున్న గింజలన్నీ తెచ్చి ఈరమ్మ ముందు పోసింది. అవి ఎన్ని పూటలకొస్తాయి? పిట్ట దాచుకున్నది గాడిదకు ఏ మూలకు?

అక్కడినుంచి సరాసరి బొద్దయ్య ఇంటికి వెళ్లింది. ఇల్లు కాదది, అంగడి! ఉలవలు కుప్పలు పోసి అమ్ముతున్నాడు.

"పొద్దున నీ పొట్ట ఖాళీగా మోగిందే?" అంది తురాయమ్మ.

"అది ఖాళీ కాదమ్మా, గాలి!" అన్నాడు బొద్దయ్య. ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బించి చూపించాడు కూడా. "మా వంశంలో పుట్టుకతో వచ్చిన విద్య."

తురాయమ్మ గాదె దగ్గరకు ఎగిరి వెళ్లి సాంబయ్యతో జరిగిందంతా చెప్పింది. సాంబయ్య పట్టు సడలించాడనుకున్నారా? ఉడుం కదా! "అయితే పరీక్ష ఇంకా గట్టిగా పెడదాం" అన్నాడు.

మొదట, నీళ్లు తాగకుండా రావాలన్నాడు. ఆకలైనవాళ్లు నీళ్లు కూడా లేక దారిలోనే చతికిలబడ్డారు. బొద్దయ్య మాత్రం ముందే వచ్చి నిలబడ్డాడు. తర్వాత, ఇద్దరు సాక్షుల్ని తేవాలన్నాడు. కూలి పని మానుకుని ఎవరొస్తారు? బొద్దయ్య మాత్రం ఇద్దరు మేనల్లుళ్లను తోలుకొచ్చాడు. ఆఖరికి, బజారులో నిలబడి "నాకు ఆకలి" అని అందరూ వినేలా అరవాలన్నాడు. ఈరమ్మ వెళ్లి నిలబడింది. నోరు తెరిచింది. పక్కనున్న పిల్ల తన ముఖంలోకి చూస్తోంది. ఆమె నోరు మూసుకుంది. అలాగే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇక అరుపుల్లో కప్పను మించినవాళ్లెవరు? బెకబెకమని ఊరు దద్దరిల్లేలా అరిచి, మళ్లీ మానెడు ఉలవలు పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం తురాయమ్మ ఈరమ్మ ఇంటికి వెళ్లింది. పిల్ల లేచి నిలబడలేకపోతోంది. మెడ వాల్చేస్తోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే బతకదని చూడగానే తెలిసిపోయింది.

మర్నాడు ఊరు కూడినప్పుడు తురాయమ్మ అందరి ముందుకూ వచ్చింది. "పెద్దయ్యా, ఈ పరీక్ష తీసెయ్యండి. నా మోడూ తీసెయ్యండి" అంది.

"నీ పదవి పోతుంది తురాయమ్మా, తెలిసే అంటున్నావా?" అన్నాడు కొండయ్య.

"పోనీండి పెద్దయ్యా! నేను మానుల్ని చూసి పొట్టల్ని చూశాననుకున్నాను. మాను తన ఆకలి దాచుకోదు. అమ్మ దాచుకుంటుంది. ఇక నేనెవరి పొట్టా కొట్టను."

సాంబయ్య గయ్యిమన్నాడు. "పరీక్ష తీసేస్తే ఈ బొద్దయ్యలాంటివాళ్లు ఊరినంతా మింగేస్తారు!"

"ఎలా మింగుతారు? గింజలు మూటగట్టి ఇస్తున్నాం కాబట్టి అంగట్లో అమ్ముకున్నాడు. వాడవాడకీ పొయ్యి పెట్టి వండుదాం. జొన్న అంబలి, ఉలవ గుగ్గిళ్లు వేడివేడిగా వడ్డిద్దాం. వచ్చి కూర్చున్నవాళ్లందరికీ ఆకు వేద్దాం. ఎవర్నీ ఏమీ అడగొద్దు. అక్కడే తినాలి, అంతే. ఎంత ఆశపోతుకైనా దేవుడిచ్చింది ఒక్క పొట్టే కదా!" అంది తురాయమ్మ.

"కొత్త పంట రాకముందే గాదె అడుగంటితే?" అని అడిగాడు సాంబయ్య.

"నేను ఊరొదిలి పోతాను."

"పొయ్యిలు కూడా ఆర్పేస్తాం. మళ్లీ వెలిగించేది లేదు!" అన్నాడు సాంబయ్య.

 తురాయమ్మ ఎక్కడికైనా ఎగిరిపోయి బతకగలదు. ఈరమ్మ పిల్ల ఎక్కడికి పోతుంది? అయినా వెనక్కి తగ్గలేదు. "అలాగే" అంది.

కొండయ్య తొండం ఎత్తాడు. "సరే. పొయ్యిలు వెలిగించండి. మొదటి ఆకు నాకు వెయ్యండి" అన్నాడు.

"దొరా! మీకేం తక్కువని?" అన్నాడు సాంబయ్య.

"తక్కువైనవాళ్లే కూర్చోవాలంటే ఆ బంతిలో ఒక్కళ్లూ తలెత్తుకుని తినలేరు. అందుకే నేనూ కూర్చుంటా. భయపడకు, నాకు ఒక్క గరిటె చాలు. మిగతాది అడవిలో మేస్తాలే."

వాడవాడకీ పొయ్యిలు వెలిశాయి. గంగాళాలు ఎక్కాయి. ఉలవల కమ్మటి వాసన వీధులన్నీ చుట్టేసింది. కొండయ్య వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఈరమ్మ పిల్లను పట్టుకుని దూరంగా నిలబడింది. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని బెరుకు.

"రా తల్లీ, చోటుంది" అన్నాడు కొండయ్య.

ఆమె కూర్చుంది. ఎవరూ పొట్ట కొట్టలేదు. సాక్ష్యం అడగలేదు. ఆకు వేశారు, వడ్డించారు, ఇంకాస్త వేశారు. ఈరమ్మ తింటూ తింటూ ఏడ్చేసింది. నాలుగు పూటలు తినేసరికి పాలు పడ్డాయి. పిల్ల లేచి నిలబడింది. ఆ తర్వాత వీధి వీధంతా పరుగులు పెట్టింది, ఎవరు పట్టుకున్నా ఆగలేదు. తురాయమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

బొద్దయ్య కూడా వచ్చాడు. రాకుండా ఉంటాడా? కదల్లేనంత మింగాడు. బుగ్గల్లో కుక్కుకుని పోదామనుకుంటే వడ్డించే కోతి, "నమిలి మింగు మావా, ఇంకో గరిటె వేస్తా" అంది. తిన్నాడు, పొట్ట పట్టుకుని పోయాడు. అంగట్లో అమ్ముకోవడానికి మాత్రం ఒక్క గింజ కూడా దొరకలేదు.

అయితే గాదె తగ్గుతూ వచ్చింది. సాంబయ్య రోజూ లోపలికి ఒక కర్ర దించి చూసేవాడు. "ఇదిగో, ఇంత తగ్గింది! ఇంకా తగ్గింది!" అని తురాయమ్మకు చూపించేవాడు. ఆఖరికి కర్ర గింజలకు అందడమే మానేసింది, అడుగున ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియలేదు. పంతం కొద్దీ బంతిలో ఒక్క పూటా కూర్చోలేదు. గాదె గుమ్మం దాటి కదల్లేదు. ఇల్లూ మరిచాడు, తిండీ మరిచాడు. తురాయమ్మ పైకి ధైర్యంగానే ఉండేది. రాత్రిళ్లు మాత్రం గూట్లో కూర్చుని, ఇంకెన్ని పూటలకొస్తాయోనని లెక్కలు వేసుకునేది.

ఇంతలో వానలొచ్చాయి. ఇంతకుముందు ఎలుకలు కాలవ సగం తవ్వి కళ్లు తిరిగి పడిపోయేవి. ఈసారి కడుపు నిండి ఉన్నాయి కదా, పూడికంతా ఎత్తిపోశాయి. నీళ్లు చివరి చేను దాకా పారాయి. గాడిదలు విత్తనాలు చకచకా చేర్చాయి. ఏళ్ల తరబడి బీడుపడ్డ నేల కూడా పచ్చబడింది. కంకులు విరగపండాయి. కడుపు నిండితే చేతులు ఊరుకుంటాయా మరి!

కొత్త పంట వచ్చే రోజున ఊరంతా గాదె దగ్గర కూడింది. సాంబయ్య తలుపు తెరిచాడు. తురాయమ్మ కళ్లు మూసుకుంది. ఎవరో కెవ్వున కేక వేశారు. కళ్లు తెరిచి చూస్తే గాదెలో గింజలు ఇంకా ఏనుగు మోకాలి లోతున ఉన్నాయి! అదే సమయానికి వీధి మలుపులో ఈలలూ కేకలూ వినిపించాయి. కొత్త జొన్నల బస్తాలు మోసుకుంటూ గాడిదల బారు వస్తోంది. అందరికంటే ముందు ఈరమ్మ, ఆమె పక్కన గంతులేస్తూ పిల్ల.

"పోసేందుకు చోటేది?" అని కోతులు అరిచాయి. "ఇంకో గాదె కట్టండి!" అని ఎలుకలు అరిచాయి. నవ్వులే నవ్వులు. తురాయమ్మను తొండం మీద ఎక్కించుకుని కొండయ్య ఊరంతా తిప్పాడు. డప్పులు మోగాయి, పిల్లలు ఎగిరారు, ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

తిరిగొచ్చాక కొండయ్య అందరినీ అడిగాడు: "మన రేగులపట్నంలో ఇవాళ పస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ లేరు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గుమ్మం పక్క నుంచి 'గుర్ర్ర్...' మని ఒక పొట్ట గట్టిగా మూలిగింది.

అందరూ అటు తిరిగారు. సాంబయ్య! చిక్కి సగమైపోయాడు. తోక మీద చర్మం వేలాడుతోంది. ఊరి తిండికి కాపలా కాసీ కాసీ ఊళ్లో ఆకలితో మిగిలింది అతనొక్కడే. సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఈరమ్మ బస్తా దించి గబగబా పొయ్యి దగ్గరకు వెళ్లింది. ఒక ఆకు తెచ్చి అతని ముందు పరిచింది. గుగ్గిళ్లు వడ్డించింది.

"నిన్ను బజారులో నిలబెట్టి అరవమన్నవాణ్ణి నేను" అన్నాడు సాంబయ్య. "నన్ను ఏమీ అడగవా ఈరమ్మా?"

"ముందు తిను బాబూ, చల్లారిపోతుంది" అంది ఈరమ్మ.

కథ కంచికి, వాళ్ల కడుపులు చల్లగా, మనం మన ఇంట్లో వెచ్చగా. ఇక లేవండి, చేతులు కడుక్కుని బంతిలో కూర్చోండి.

నీతి: ఆకలిని పరీక్షించే ఊళ్లో ఆకలి పోదు; అందరినీ కూర్చోబెట్టి వడ్డించే ఊళ్లో కూడు తరగదు.