చెన్నక్క చీర అంచున ఉత్తరేణి గింజలు

విరోధి నామ సంవత్సరం, కార్తీక మాసం. వానలు వెనకబట్టి, గట్ల మీద ఉత్తరేణి నడుమెత్తు పెరిగి కంకులు వేసిన ఏడు. అనగా అనగా అనే అనాలి గాని, ఏడూ మాసమూ తెలిసిన కథ ఇది.

బుజ్జీ, ఇలా రా. నీ లంగా అంచంతా ఉత్తరేణి గింజలే. ఒక్కొక్కటీ పీకుతూ చెప్తాను, కదలకు. వీరేశం, నువ్వు పడుకుని ఊ కొట్టు. నీ ఊ ఆగితే నా కథ ఆగుతుంది.

ఆ ఊళ్ళో ఓబుళమ్మ అని ఒక ముసలమ్మ. మందులిచ్చేది, కాన్పులు చేసేది. ఆమె హస్తవాసి మంచిదని ఏడూళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. కూతుళ్ళు లేరు. విద్య తనతో పోకూడదని కోడలు చెన్నక్కకి నేర్పింది.

ముందు ఏం నేర్పింది? ఏ మొక్క ఏ గ్రహానిదో నేర్పింది. జిల్లేడు సూర్యుడిది, మోదుగ చంద్రుడిది, చండ్ర కుజుడిది, ఉత్తరేణి బుధుడిది, రావి గురుడిది, మేడి శుక్రుడిది, జమ్మి శనిది, గరిక రాహువుది, దర్భ కేతువుది. చెన్నక్క పిండి విసురుతూ ఇదే పాడుకునేది. ఊ కొడుతున్నారా?

ఉత్తరేణి బుధుడిది గనక బుధవారమే పీకాలి. ముందురోజు సాయంత్రం వెళ్ళి, కంకులు దూసేసి, పసుపు దారం కట్టి, ఫలానా మనిషి కోసం రేపు పొద్దున వస్తాను, నువ్వు రావాలి అని పిలవాలి. పెళ్ళికి పిలిచినట్టు. పిలవని మొక్క నిద్రలో ఉంటుందట, దాని వేరు కట్టెపుల్లతో సమానమట. ఒక మొక్కకి ఒక్క పేరే చెప్పాలి. ఇక తెల్లారి? పొద్దు పొడవకూడదు, ఇనుము తగలకూడదు, మన నీడ దాని మీద పడకూడదు, వేరు కట్టేదాకా నోరు మెదపకూడదు. ఇవి తప్పిన చేతికి వాసి పోతుందని ఓబుళమ్మ చెప్పేది.

కాన్పు కష్టమైతే ఆ వేరు నడుముకి కట్టేవాళ్ళు. బిడ్డ నేలన పడగానే విప్పి ఏట్లో కలిపేవాళ్ళు. ఒకరికి కట్టింది మరొకరికి పనికిరాదు. వేరు మహిమో, మంత్రసాని నేర్పో, నాకు తెలీదు. వాళ్ళు నమ్మారు.

ఆ మంగళవారం సాయంత్రం ఊరి దొర కూతురికి నొప్పులు మొదలయ్యాయి. ఓబుళమ్మ ఏటి గట్టున ఒక మొక్కకి దారం కట్టి, దొర కూతురి పేరు చెప్పి పిలిచింది. ఇంతలో దొర పల్లకి పంపాడు. ఎక్కుతూ కోడలితో అంది, పిల్లా, నీ చేత్తో తీసే మొదటి వేరు ఇది, పొద్దు పొడవక ముందే పట్టుకురా, దారిలో దేవుడు పలకరించినా పలక్కు అని. దేవుడు నన్నెందుకు పలకరిస్తాడు అత్తా, నువ్వు పిలిస్తేనే పలకనిదాన్ని అంది చెన్నక్క. పల్లకీ మోసేవాళ్ళు కూడా నవ్వారు.

చీకటితో లేచింది. కొయ్య మేకుతో తవ్వింది. ఉత్తరం మొహం పెట్టి వేరు తీసింది. ఇనుము తగల్లేదు, నీడ పడలేదు, నోరు మెదపలేదు. అంతా సరిగ్గానే చేసింది.

వస్తుంటే దారిలో కుమ్మరి ఈరన్న ఇల్లు. ఈరన్న కుండలు చేసే సారె పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. వాడి భార్య నాంచారికి మూడు రోజులుగా వచ్చీపోయే నొప్పులు, రాత్రి ముదిరి ఓబుళమ్మ కోసం వెళ్తే దొర ఇంటికి వెళ్ళిందన్నారు. ఇప్పుడు నాంచారికి అరిచే ఓపిక కూడా లేదు. ఈరన్న చెన్నక్క చేతిలో వేరు చూశాడు. చూసి తల దించుకున్నాడు. ఎవరిదో వాడికి తెలుసు. అడగలేదు. అడిగుంటే ఆమె తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేదేమో.

చెన్నక్క నిలబడిపోయింది. దొర కూతురికి నిన్న సాయంత్రమే మొదలైంది, పక్కన అత్త ఉంది. నాంచారికి ఎవరున్నారు? వీరేశం, ఊ ఏదిరా? ఆఁ, అదీ.

చెన్నక్క వేరుని రెండు చేతుల్లో పట్టుకుని నోరు విప్పింది. తల్లీ, నిన్ను పిలిచిన పేరు ఒకటి, నేను కట్టే నడుము ఒకటి. తప్పు నీది కాదు, మా అత్తది కాదు. నా చేతి వాసి నువ్వు తీసుకో, ఈ మనిషిని నిలబెట్టు, మళ్ళీ ఎవరికీ మందియ్యను. ఆ మాటలు ఈరన్న కూడా విన్నాడు.

వెళ్ళి నాంచారికి కట్టింది. వేణ్ణీళ్ళు పెట్టించింది, నడుము పట్టింది. పొద్దు బారెడెక్కేసరికి మగపిల్లాడు పడ్డాడు. తల్లి కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. చెన్నక్క వేరు విప్పి ఏట్లో కలిపింది.

ఇప్పుడు దొర కూతురికి? గట్టు మీదికి పరిగెత్తి దొరికిన మొక్కని పీకింది. బుధవారమే గాని పొద్దు ఎక్కింది, ఈరన్న దగ్గర తెచ్చుకున్న ఇనప గునపం తగిలింది, నీడ పడింది, పిలుపూ లేదు, దారమూ లేదు. దొర ఇంటికి తెచ్చి అత్త చేతికిచ్చింది. ఓబుళమ్మ కట్టింది. గడియలోపే ఆడపిల్ల. తల్లీ పిల్లా కులాసా.

దొర సంతోషంతో చెన్నక్కని చూద్దామని బయటికి వస్తున్నాడు. ఓబుళమ్మ కోడలి చీర అంచు చూసింది. అంచంతా ఉత్తరేణి గింజలు. తను దారం కట్టిన మొక్కకి కంకులు తనే దూసేసిందిగా, ఇవెక్కడివి? దొర చూశాడంటే పిలవని వేరని తెలిసిపోతుంది. కింద కూర్చుని, నీ అంచు చిరిగిందే చూసుకోవా అని గొణుగుతూ, ఒక్కొక్క గింజా పీకి కొంగున ముడేసుకుంది. దొర వచ్చేసరికి అంచు శుభ్రం.

ఇంటి దారిలో అడిగింది. చెన్నక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఓబుళమ్మ కొంగు ముడి విప్పి గింజలు దారి పక్కన రాల్చింది. తరవాత మెల్లిగా అంది, పిలిచిన వేరూ పనిచేసింది, పిలవని వేరూ పనిచేసింది, నలుగురూ బతికారు, నువ్వన్నది మరిచిపో చెన్నా, నా తరవాత నువ్వేగా ఉన్నావు అని. జన్మంతా నియమం పట్టిన మనిషి, నియమం వదిలెయ్యమని కోడల్ని బతిమాలింది.

అది నువ్వు పెట్టిన నియమం అత్తా, వదలమంటే వదుల్తాను, ఇది నేనిచ్చిన మాట అంది చెన్నక్క.

దొర ఇంట మనవరాలు, కుమ్మరింట కొడుకు ఒకే బుధవారం ఊయలెక్కారు. ఊరంతా పానకం తాగింది. మొక్కకిచ్చినా మాట మాటేనర్రా, అది గుర్తుపెట్టుకోండి. కథని కంచి దారిలో సాగనంపి, మనం దుప్పటి కప్పుకుందాం.

ఏంటే బుజ్జీ? మళ్ళీ ఎప్పుడైనా మందిచ్చిందా అనా?

లేదు. ఓబుళమ్మ పోయాక ఆ గడపలోకి మందు కోసం వచ్చినవాళ్ళు ఉత్త చేతులతోనే వెళ్ళారు. చెన్నక్క సొంత కూతురి కాన్పుకి పొరుగూరి మంత్రసానిని పిలిపించారు. ఆమె వచ్చేసరికి ఆలస్యమైంది. కూతురు దక్కింది, బిడ్డ దక్కలేదు.